పరదేశమున పరగృహవాసము
(జపాను గృహాతిథ్యమును గూర్చి తల్లిదండ్రులకు కొన్ని సంగతులు)

విద్యార్థి దూరదేశమునకు చదువ బోయినప్పుడు తల దాచుకొను తావులు సాధారణముగా మూడు. విశ్వవిద్యాలయపు వసతిగృహ మొకటి. అద్దెకు దీసికొన్న గది రెండవది. ఆ దేశపు కుటుంబము వారి ఇల్లు మూడవది. ఈ మూడవ పద్ధతిలో విద్యార్థి కేవలము బాడుగదారుడు కాడు, చుట్టపుచూపుగా వచ్చిన అతిథియు కాడు. కొంతకాలము ఆ యింటి బిడ్డగా మెలగును. వారితో కూడ భుజించును, వారి పనులలో చేయి వేయును, వారి మాట నేర్చును. దీనికి లోకమున వ్యాపించిన పేరు హోమ్‌స్టే. జపానువారు ఆ మాటనే తమ నోటికి అనువుగా మలచుకొని ‘హోముసుతె’ అందురు. 1932లో అమెరికా దేశీయుడైన డొనాల్డు వాట్ అనునాయన, పరదేశమును తెలిసికొనవలెనన్న అచ్చటి జనులతో కలసి జీవింపవలెనను తలంపుతో ఒక సంస్థను నెలకొల్పి యువకులను విదేశములకు పంప నారంభించెను. కుటుంబములలో నివసించుట ఆ సంస్థకు ముఖ్యసూత్రమైనది. ఈ పద్ధతి బహుదేశములకు వ్యాపించుటకు అది ఒక కారణము.

పేరు కొత్తదే కాని పని మనకు కొత్తది కాదు. మన తాతల కాలమున వారములు చేసికొని చదువుకొన్న పిల్లలు ఎందఱో కలరు. సోమవార మొకరి యింట, మంగళవార మొకరి యింట భోజనము చేసి బడికి పోవు ఆ బాలుడు ఏడు వంటయిండ్ల మర్యాద నేర్చుకొనెడివాడు. ఏ యింట పీట వేయుదురో, ఏ యింట చాప పరతురో, ఏ గృహిణి మారు వడ్డించినపుడు వద్దనరాదో, ఏ గృహిణి ఎదుట మారడుగరాదో వానికి తెలియును. ఆ విద్య పాఠ్యపుస్తకములలో లేదు. జపాను ఇంట దిగు విద్యార్థికి కావలసినదియు ఇంచుమించుగా ఆ విద్యయే.

కురుగోటి పాఠశాల సంచికలో జపాను ఇంటి ముచ్చట యేల యని కొందఱకు తోపవచ్చును. మన పిల్లలకంటె ముందే మన జిల్లా ఎఱ్ఱరాయి జపాను చేరినది. సండూరు, హొసపేట ప్రాంతముల ఇనుపఖనిజము చెన్నపట్టణపు రేవునుండి ఓడలలో చాలకాలము జపాను కొలుములకు పోయెను. 2010లో జపానుకు చెందిన జె.ఎఫ్.ఇ. ఉక్కు సంస్థ, మనకు చేరువ తోరణగల్లులో కర్మాగారము గల జె.ఎస్.డబ్ల్యు. ఉక్కు సంస్థలో వాటా గైకొనెను. తెలుగునేలపై హైదరాబాదు చెంత కంది గ్రామమున నున్న ఐ.ఐ.టి. అభివృద్ధికి జపాను ప్రభుత్వపు సంస్థయైన జైకా సహాయ మొనర్చుచు వచ్చినది. 2012 నుండి అచ్చటి పట్టభద్రులు జపాను విశ్వవిద్యాలయములలో పై చదువులు చదువుటకు విద్యార్థివేతనము లేర్పడినవి. పెద్దల మాట యటుండ, 2007లో మొదలైన జెనెసిస్ అను యువజన కార్యక్రమము, 2014లో మొదలైన సకురా సైన్సు కార్యక్రమము మూలమున ఆసియా దేశముల పాఠశాలల పిల్లలు సైతము కొన్ని దినములు జపానులో గడపి వచ్చు వీలు కలిగినది. మన దేశపు ప్రభుత్వ పాఠశాలల బిడ్డలును అట్లు పోయి వచ్చినవారిలో కలరు. కనుక మన బడి పిల్ల ఒకతె రేపు అచ్చటి ఇంటి గడప త్రొక్కుట అసంభవమైన మాట కాదు.

విదేశవిద్య మాట వచ్చినపుడు తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలు రెండు. తిండి యెట్లు? ఇంగ్లీషు చాలునా? మొదటి ప్రశ్నకు సమాధానము కలదు; దానిని తరువాత చెప్పెదను. రెండవ ప్రశ్న వెనుక మఱియొక ప్రశ్న దాగియున్నది. కన్నడము రాజ్యభాష, ఇంగ్లీషు ఉద్యోగభాష. ఇక తెలుగు దేనికి? 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. నాటినుండి మన మిచ్చట భాషాల్పసంఖ్యాకులము. తుంగభద్ర కాలువల వెంట క్యాంపులు వేసికొని వచ్చిన కృష్ణా, గోదావరి మండలముల రైతు కుటుంబములు మనకు తోడైనవి. ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. హక్కు కలదు, కాని ప్రయోజన మేమి యని తండ్రి యడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఉపన్యాసముతో గాక, ఒక జపాను ఇంటిలోనికి తీసికొనిపోయి బదులు చెప్పవలెనని నా యభిలాష.

మొట్టమొదట ఒక విషయము. జపానులో నగరముల విశ్వవిద్యాలయములలో ఇంగ్లీషున సాగు తరగతులు కలవు. కాని సామాన్య కుటుంబపు వంటయింటిలో ఇంగ్లీషు మిక్కిలి తక్కువ. అత్తగారు, తాతగారు, ఆరవ తరగతి పిల్లవాడు గల ఇంట దిగిన విద్యార్థికి ఇంగ్లీషు మాటలకంటె చేతిసైగలే ఎక్కువ ఉపకరించును. అచ్చట వానిని కాపాడునవి రెండు: రెండు భాషల నడుమ తడబడక తిరుగగల అలవాటు, ఇంటిలో నేర్చిన మర్యాద. ఈ రెండును సరిహద్దు బిడ్డలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. తల్లితో తెలుగు, అంగడిలో కన్నడము మాటలాడు మన పిల్లవానికి, ఒక వస్తువునకు ఒకే పేరు ఉండదను సత్యము అయిదవయేటనే తెలియును. ఒకే భాషలో పెరిగిన బిడ్డకు ఈ సంగతి పెద్దయైన పిదప కష్టపడి నేర్చుకొనవలసినది.

ఇక భాష సంగతి. జపాను వాక్యము మన వాక్యమువలె క్రియతో ముగియును. ‘నేను బడికి పోవుదును’ అనుటకు వారు ‘వతషి వ గక్కో ని ఇకిమాసు’ అందురు. వతషి అనగా నేను. గక్కో అనగా బడి. ‘ని’ అనునది మన ‘కి’ వలె నామమునకు వెనుక వచ్చును. ఇకిమాసు అనగా పోవుదును. ‘వ’ అనునది విషయమును సూచించు చిన్న మాట. కన్నడమున ‘నాను శాలెగె హోగుత్తేనె’ అనినను వరుస ఇదియే. ప్రశ్న కావలెనన్న వాక్యము చివర ‘క’ చేర్తురు. మనము ‘పోవుదురా’ యని దీర్ఘము తీసినట్లు. ఇంగ్లీషువాడు ఈ వాక్యమును నేర్చుటకు తన మనస్సులోని వరుసను తలక్రిందులు చేసికొనవలెను. తెలుగు బిడ్డకు ఆ శ్రమ లేదు. మాటకు మాట పెట్టిన చాలును.

ఈ పోలికను జూచి కొందఱు తొందరపడి జపాను, ద్రావిడ భాషలు అక్కచెల్లెండ్రనుచుందురు. సుసుము ఓనో అను జపాను పండితుడు తమిళమునకు, జపానుభాషకు సంబంధము కలదని చాలకాలము వాదించెను. భాషాశాస్త్రజ్ఞులు దాని నంగీకరింపలేదు, అంగీకరింపకుండుట సమంజసమే. కొరియా, తురుష్క, మంగోలు భాషలలోను క్రియ చివరనే వచ్చును. వాక్యనిర్మాణము కలిసినంత మాత్రమున చుట్టరికము సిద్ధింపదు. విద్యార్థికి ఆ వివాదముతో పని లేదు. టోక్యో విదేశభాషా విశ్వవిద్యాలయపు ఆసియా ఆఫ్రికా భాషల పరిశోధనాలయమున ఆచార్యులుగా నుండిన పేరి భాస్కరరావుగారు తెలుగువారే యని మాత్రము వానికి చెప్పవచ్చును.

అక్షరముల యందు ఒక నిజమైన బంధుత్వము కలదు. జపాను అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగును. మన వర్ణమాలలోని క, చ, ట, త, ప, య, ర, ల, వ వరుస వినినవారికి ఇది అపరిచితము కాదు. బౌద్ధభిక్షువుల మూలమున సంస్కృత వర్ణక్రమము అచ్చటికి చేరి ఈ వరుసకు ఆధారమైనది. భారతదేశమునుండి పోయిన బోధిసేనుడు 752లో నారా నగరమున మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలన మొనర్చెను. జపాను నేలపై మనవాడు గౌరవాతిథి యగుట నిన్న మొన్నటి మాట కాదన్నమాట. అయినను తల్లిదండ్రులు భ్రమపడరాదు. కనా అను ఆ అక్షరములు నలువదియారు నెలదినములలో వచ్చును. వానికి తోడు చీనానుండి వచ్చిన కంజి లిపి యున్నది. నిత్యవ్యవహారమునకు ప్రభుత్వము నిర్ణయించిన సంఖ్య 2,136. కష్టమంతయు అచ్చటనే. ఒక్కొక్క గుర్తునకు రెండు మూడు ఉచ్చారణలు. నీటి గుర్తును విడిగా ‘మిజు’ అనియు, సమాసమున ‘సుయి’ అనియు చదువుదురు. ఇది మనకు వింతగా తోచునా? మనమును విడిగా నీరందుము, సమాసమున జలాశయమందుము. దేశ్యము, తత్సమము అని తెలుగు వ్యాకరణమున చదివిన పిల్లవానికి ఈ రహస్యము ఒక్క మాటతో బోధపడును. చదువని వానికి గంటసేపు చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మర్యాదాభాష. జపానువారు ‘తిను’ అనుటకు సామాన్యముగా ‘తబెరు’ అందురు. పెద్దలు తినుటకు ‘మెషిఅగరు’ అనియు, తాను వినయముతో తినుటకు ‘ఇతదకు’ అనియు వేఱు మాటలు కలవు. పెద్దలు వచ్చుటకు ‘ఇరస్షరు’, పెద్దలు పలుకుటకు ‘ఒస్షరు’. ఇంగ్లీషుద్వారా ఈ భాష నేర్చు విద్యార్థులు ఇచ్చట తల పట్టుకొందురు. మనకో? పెద్దలు ఆరగింతురు, వేంచేయుదురు, సెలవిత్తురు. మనము మనవి చేసికొందుము. మార్గము సిద్ధముగా నున్నది. కాని నేటి మన యిండ్లలో ఆరగించు, వేంచేయు, సెలవిచ్చు అను మాటలు వినబడుట అరుదు. బిడ్డకు తన భాషలో లేని మెట్టు పరభాషలో ఎక్కుట కష్టము.

జపానువారు పేరునకు వెనుక ‘సాన్’ చేర్తురు. మన ‘గారు’ వలెనే. తనాకాసాన్ అనగా తనాకాగారు. అయితే ఇందొక సూక్ష్మము కలదు. వారు తమవారిని గూర్చి పరులతో చెప్పునపుడు గౌరవవాచకమును తీసివేయుదురు. ఇంటిలో తండ్రిని ‘ఒతోసాన్’ అని పిలిచిన కుమారుడే బయటివారితో ‘చిచి’ అనును. తల్లి ఇంటిలో ‘ఒకాసాన్’, బయటివారితో ‘హహ’. మనమో, ఎవరితోనైనను ‘మా నాన్నగారు’ అందుము. మన పద్ధతిలో తండ్రికి గౌరవము. వారి పద్ధతిలో ఎదుటివానికి గౌరవము. రెండును మర్యాదలే.

ఇక ఇంటిలోనికి పోదము. విద్యార్థి ఆ యింటి గృహిణిని ‘ఒకాసాన్’ అనియే పిలుచుట పరిపాటి. అనగా అమ్మ. క్రొత్తవారిని అక్కా, అన్నా, పెద్దమ్మా యని పిలుచు అలవాటు గల మన బిడ్డకు ఈ పిలుపు నోటికి అడ్డు రాదు. ఉదయమున బయలుదేరునపుడు ‘ఇత్తెకిమాసు’ అనవలెను. దాని అక్షరార్థము ‘పోయి వచ్చెదను’. లోపలినుండి ‘ఇత్తెరస్షాయి’ అని బదులు వచ్చును. అనగా ‘పోయి రమ్ము’. మన యిండ్లలో ‘పోతాను’ అన్న బిడ్డను ‘పోయొస్తానను’ అని తల్లి దిద్దును; ప్రక్కయింటి కన్నడ తల్లి ‘హోగి బర్తీని’ అనుమని దిద్దును. వేల మైళ్ల దూరమున, మన భాషతో ఏ చుట్టరికమును లేని జాతి, గడప దాటు బిడ్డనోట అదే మాట పలికించుచున్నది. తిరిగి వచ్చినపుడు బిడ్డ ‘తదైమా’ అనును. ఇంటివారు ‘ఒకయెరి’ అందురు. ఈ నాలుగు మాటలు తప్పక పలుకు విద్యార్థిని వారమునకే ఇంటిబిడ్డగా చూతురు.

గుమ్మములోపల పల్లముగా ఒక చోటు ఉండును. పాదరక్షలు అచ్చట విడిచి, మొనలు వాకిలివైపు తిరుగునట్లు సర్ది, పైకెక్కవలెను. చెప్పులు వెలుపల విడుచుట మనకు నేర్పనక్కఱలేదు. కాని ఇంటిలో తొడుగుకొను మెత్తని చెప్పులు వేఱు, మరుగుదొడ్డిలోనివి వేఱు. గడ్డిచాప పరచిన గదిలో ఏ చెప్పులును పనికిరావు. స్నానము సంగతి బాగుగా తెలిసికొని పోవలెను. తొట్టి వెలుపల కూర్చుండి ఒడలు శుభ్రముగా కడుగుకొనిన పిమ్మటనే వేడినీటి తొట్టిలో దిగవలెను. తొట్టిలో సబ్బు తగులరాదు. లేచిన తరువాత నీరు వదలరాదు. ఆ నీటిలోనే ఇంటిల్లిపాదియు వరుసగా దిగుదురు. అతిథిని తఱచుగా ముందు పొమ్మందురు. మొదటి దినముననే తొట్టి ఖాళీ చేసిన విద్యార్థి ఇంటివారి నందఱిని చల్లబరచిన వాడగును!

భోజనమునకు ముందు ‘ఇతదకిమాసు’ అని చేతులు జోడింతురు. వినయముతో స్వీకరించుచున్నానని దాని భావము. ముగించిన తరువాత ‘గొచిసోసామ’ అందురు. ఆ మాటలోని చీనా పదమునకు మూలార్థము అటునిటు పరుగెత్తుట. అతిథికొఱకు పరుగులెత్తి వంట సమకూర్చిన శ్రమకు కృతజ్ఞత యన్నమాట. మన పెద్దలు విస్తరి ముందునుండి లేచునపుడు అన్నదాతా సుఖీభవ యనుట ఇట్టిదే. చాపుస్టిక్కులను అన్నములో నిలువుగా గ్రుచ్చరాదు. ఒకరి పుల్లలనుండి మఱియొకరి పుల్లలకు ఆహారము అందింపరాదు. రెండును వారి అంత్యక్రియలకు సంబంధించిన పనులు. పిండము పెట్టు విధమున విస్తరిలో అన్నము పెట్టిన మన యిండ్లలో ఎట్లుండునో తలచుకొనిన, దీని గౌరవము తెలియును.

శాకాహారుల కష్టము నిజమైనది. మాంసము వద్దన్న చాలదు. వారి మీసోపులుసు మొదలు పచ్చికూరల ఉడుకువఱకు చాల పదార్థములకు ఎండుచేప తురుముతో కాచిన రసము ఆధారము. అది వారి దృష్టిలో చేప కాదు, రుచి మాత్రమే. కావున దరఖాస్తు పత్రములోనే గ్రుడ్డు, చేప, చేపరసము అని వేర్వేరుగా వ్రాయవలెను. సముద్రపు పాచితోను, పుట్టగొడుగులతోను కాచు రసమును వారికి తెలియును; బౌద్ధమఠములలో పుట్టిన షోజిన్ ర్యోరి యను శాకాహారపు వంట వారి సంప్రదాయములోనిదే. ముందుగా తెలిపిన ప్రేమతో చేయుదురు. వండి వడ్డించిన తరువాత తెలిపిన, పాపము, ఆ గృహిణి సిగ్గుపడును.

వారు ‘కాదు’ అని ముఖముమీద చెప్పరు. ‘చొత్తొ...’ యని సాగదీసి ఊరకుందురు. కొంచెము అని దాని యర్థము. వద్దని దాని భావము. ‘చూద్దాము లెండి’ యని మనవా రనుట ఎఱిగిన బిడ్డ దీనిని గ్రహింపగలడు. చెత్త విషయమున మాత్రము మన అలవాటు ఏమియు సాయపడదు. కాలునది, కాలనిది, సీసాలు, కాగితములు అని విభజించి, ఒక్కొక్కదానిని నిర్ణయించిన దినముననే వెలుపల పెట్టవలెను. ఈ విషయమున వారిది ఛాదస్తమని నాకు తోచినమాట నిజము. అయినను మన సంతవీథిని జూచినపుడు ఆ యభిప్రాయము నిలువదు.

ఇట్టి యిల్లు దొరకు మార్గములు రెండు. నగరములందును జిల్లాలందును అంతర్జాతీయ స్నేహసంఘములు కలవు. వానిలో పేరు నమోదు చేసికొన్న కుటుంబములు తఱచుగా ప్రతిఫల మాశింపక ఒకటి రెండు రాత్రులో, ఒక పూటయో విద్యార్థిని పిలుతురు. భాషాపాఠశాలలు ఏర్పాటు చేయునవి నెలలకొలది సాగును. వానికి రుసుము కలదు. మొదటి పద్ధతి సామాన్యులకు అందుబాటైనది. విద్యార్థి వీసాపై నున్నవాడు అనుమతి పొంది వారమునకు 28 గంటలవఱకు పని చేసికొనవచ్చును. అంతకు మించిన చిక్కులు వచ్చును. ఇల్లు చేరుటకు ఆలస్యమగునెడల ముందుగా తెలుపుట అన్నిటికంటె పెద్ద నియమము. వండి యెదురుచూచుట ఏ దేశపు తల్లికైనను ఒకటే.

పరగృహవాసము ఎంత దూరము పోగలదో తెలుపుటకు చరిత్రలో ఒక కథ కలదు. రాసబిహారీ బోసు 1915లో ఆంగ్లప్రభుత్వమునకు చిక్కక జపాను చేరెను. ఆ యేటి చివర ఆయనను దేశము వెడలగొట్టుటకు ఉత్తరువు పుట్టినపుడు, టోక్యో నగరమున షింజుకులోని నకమురాయా రొట్టెల దుకాణపు యజమానులు సోమా ఐజో, ఆయన భార్య కొక్కో తమ దుకాణము వెనుకనున్న చిత్రకారుని గదిలో ఆయనను దాచిరి. రాజకీయమున వారికి సంబంధ మేమియు లేదు. ఒక మనుష్యునికి ఆపద వచ్చినదని మాత్రము తెలియును. 1918లో వారి కుమార్తె తొషికోను బోసు వివాహమాడెను. 1925లో ఆమె అకాలమరణము చెందెను. 1927లో ఆ దుకాణమున భారతీయ పద్ధతిని వండిన కూర వడ్డింప మొదలుపెట్టిరి. నకమురాయాలో ఆ వంట నేటికిని దొరకుచున్నది. అతిథి ఇంటివారి అన్నము తినుటయే కాక, వారికి తన అన్నము పెట్టెనన్నమాట.

మనవంటి తెలుగు కుటుంబమున పుట్టి మైసూరు సీమలో పెరిగిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు 1898లోనే జపాను చూచి వచ్చిరి. అచ్చటి పరిశ్రమలు, సార్వజనిక విద్య ఆయన మనస్సునకు నాటినవి. ఇంటి భాష తెలుగు, నాటి భాష కన్నడము, ఉద్యోగపు భాష ఇంగ్లీషు అయిన యీయనకు మూడును బరువు కాలేదు.

జపాను ఇంటివారు తెలుగు బిడ్డను ఏమి యడుగుదురు? గణితమును గూర్చి కాదు. 2022 అక్టోబరులో ‘ఆర్.ఆర్.ఆర్.’ అను తెలుగు చిత్రము అచ్చట విడుదలయై చాలకాలము ప్రదర్శింపబడినది. దాని మోజున తెలుగు మాటలు నేర్చుకొనిన జపాను స్త్రీలు కలరు! సినిమా మనకు గౌరవము తెచ్చుట ఉపాధ్యాయునకు అంత రుచింపని విషయమే. అయినను అచ్చటి గృహిణి ‘ఈ మాట మీ భాషలో ఎట్లు వ్రాయుదురు?’ అని కాగితము ముందు పెట్టినపుడు, తెలుగు వ్రాయరాని తెలుగు బిడ్డ ఏమి చేయును?

ఇప్పుడు కుటుంబసందర్శనమునకు వత్తము. కుమార్తె చదువుచున్నది, తల్లిదండ్రులు చూడ బోవుదురు. మొదటి ఆరుమాసములలో పోవలదని నా సలహా. బిడ్డ అప్పుడే అచ్చటి గాలికి అలవాటు పడుచుండును. మనలను చూచిన మనస్సు మరల వెనుకకు పోవును. ఏడాది గడచిన తరువాత పోయిన, ఆమె మనకు దారి చూపును. రైలు టిక్కెట్టు ఆమె తీయును, అంగడిలో ఆమె మాటలాడును, గట్టిగా మాటలాడవలదని రైలులో తండ్రిని ఆమె హెచ్చరించును. ఆ హెచ్చరిక వినుట తండ్రికి కొంత కష్టము, చాల సంతోషము.

ఆతిథ్యమిచ్చిన కుటుంబమును దర్శించుటకు ముందుగా సమయము కోరవలెను. ఒక సాయంకాలము చాలును. వారి యింట బస చేయుదమని తలపరాదు. ఆ గది నొకసారి ఊహింపుడు. ఒక ప్రక్క జపాను తల్లి. ఆమెకు జపానుభాష తప్ప రాదు. ఒక ప్రక్క కురుగోటి తల్లి. ఆమెకు తెలుగు, కన్నడము వచ్చును. నడుమ బిడ్డ. ‘మా అమ్మాయిని నీ బిడ్డవలె చూచితివి, నీ ఋణము తీర్చుకొనలేను’ అని మన తల్లి చెప్పదలచును. ఈ మాటను దాటింపవలసినది ఆ బిడ్డయే. ఋణమనగా ఏమో, తీర్చుకొనలేననుటలోని బరువెంతో ఆమెకు తెలిసియుండవలెను. జపానువారి భాషలో ఈ భావమునకు తగిన మాటలు పుష్కలముగా కలవు; ఉపకారమును బరువుగా తలచు జాతి యది. కాని బిడ్డకు తెలుగు పైపైన మాత్రమే వచ్చియుండిన ఆ వాక్యము ‘థాంక్యూ’ అయి తేలిపోవును. తల్లి అంత దూరము పోయి, బిడ్డ ప్రక్కనే కూర్చుండి, మూగదియై తిరిగి వచ్చును. ఇంగ్లీషు ఆ గదిలో ఎవరి మాతృభాషయు కాదు. తెలుగు దేనికి అను ప్రశ్నకు నాకు తోచిన సమాధానము ఆ గదిలో కలదు.

కానుకలు చిన్నవిగా నుండవలెను. పెద్ద కానుక వారికి భారము, బదులు చేయువఱకు వారికి నిద్ర పట్టదు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు మొదలగువానికి తగిన ధ్రువపత్రము లేనిదే విమానాశ్రయమున అనుమతింపరు. మాంసముతో చేసిన పదార్థములు అసలే తీసికొనిపోరాదు. మన మిరపపొడి కొనిపోవువారు దాని కారమును ముందుగా చెప్పి ఇచ్చుట ధర్మము. పోకముందు ఇంటిల్లిపాదియు చదువుటకు తెత్సుకొ కురొయానగి 1981లో ప్రకటించిన బాల్యస్మృతులు మంచివి. అవి ‘రైలుబడి’ యను పేర తెలుగున వచ్చినవి. అందలి ప్రధానోపాధ్యాయుడు పిల్లల డబ్బాలలో కడలినుండి కొంత, కొండనుండి కొంత ఉండవలెనని కోరెడివాడు.

చివరగా, బడి కార్యాలయమున కూర్చున్న వానికి తెలిసిన సంగతి యొకటి. తల్లిదండ్రుల సందర్శక వీసాకు ఆహ్వానపత్రము, దినచర్య పట్టిక, బంధుత్వమును నిరూపించు పత్రము కావలెను. మన సరిహద్దు కుటుంబములకు చిక్కు ఈ మూడవదాని యందే. నోటితో ‘శ్రీనివాసులు’ అని చెప్పిన తండ్రిపేరు కన్నడ రిజిస్టరులో ‘శ్రీనివాస’ అగును. ఒక పత్రమున ఇంటిపేరు ముందుండును, మఱియొకదానిలో పొడి అక్షరమై వెనుక చేరును, ఇంకొకదానిలో కనబడనే కనబడదు. ఎంబసీవానికి వారు ముగ్గురు వేర్వేరు మనుష్యులు. జన్మధ్రువపత్రము, ఆధారు, బడి రిజిస్టరు, పాసుపోర్టు నాలుగింటను ఒకే అక్షరక్రమముండునట్లు బిడ్డ పదవ తరగతికి రాకముందే సరిచూచుకొనుడు. పదవ తరగతి మార్కుల పత్రము వెలువడిన తరువాత దిద్దుబాటు మిగుల కష్టము.

ఫోనుచేయు వేళ కూడ గుర్తుంచుకొనవలెను. జపాను గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు. ఇచ్చట రాత్రి తొమ్మిదిన్నరకు భోజనము ముగించి మనము పిలిచిన అచ్చట ఒంటిగంట యగును. ఇల్లంతయు నిద్రలో నుండును. సాయంకాలము అయిదు గంటలకు పిలువుడు. అప్పటికి వారికి ఎనిమిదిన్నర. బిడ్డ ‘తదైమా’ యని ఇల్లు చేరి, అన్నము తిని, గిన్నెలు తుడుచుచుండును.